బండి ఎవరి పేరు మీద?

(తార్నాకలో ఇస్త్రీ పని చేసే స్త్రీలు, క్యాంపస్ విద్యార్థినులు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇస్త్రీ పని, స్త్రీల హక్కులు అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ రెండు మాటలు పక్కపక్కన చూస్తే నాకు మూడో తరగతి గుర్తొస్తుంది. పంతులు గారు 'స్త్రీ' అని పలకమంటే నేను 'ఇస్త్రీ' అన్నాను. మా ఊళ్లల్ల చాలామంది అట్లనే అంటారు. కానీ తరగతంతా విరగబడి నవ్వింది. తప్పు పలికినందుకు నవ్వలేదు, పలికింది ఎవరి బిడ్డో తెలుసు కనుక నవ్వారు. 'ఇస్త్రీ' పోర్చుగీసు వాళ్లతో పాటు మన దేశానికి వచ్చిన మాట అంటారు. నాకు మాత్రం ఆ రెండు మాటలూ అప్పటి నుంచీ ఒకటే అయిపోయాయి.

మా అమ్మానాన్నలు జనగామ వైపు పల్లె నుంచి వచ్చి తార్నాకలో ఇస్త్రీ బండి పెట్టుకున్నారు. క్యాంపస్ వెనక మాణికేశ్వరి నగర్‌లో ఒక గది. బండి మాత్రం తార్నాక లోపలి వీధిలో, వేపచెట్టు కింద. ఒకవైపు విశ్వవిద్యాలయం, ఇంకోవైపు పోషకాహార సంస్థ, రసాయన పరిశోధనా సంస్థ, అటు లాలాగూడ రైల్వే క్వార్టర్లు. అందరూ మడత నలగని చొక్కాలతో పనికి పోయేవాళ్లే. అందుకే బండి అక్కడ పెట్టారు. నేను బండి కింద గోనెపట్టా పరుచుకొని చదువుకున్నాను. పైనుంచి అప్పుడప్పుడు బూడిద రాలేది, పుస్తకం దులుపుకొని మళ్లీ చదివేదాన్ని.

ఇక్కడున్న విద్యార్థినులలో చాలామంది బొగ్గుల పెట్టె చేత్తో పట్టుకొని ఉండరు. అది కరెంటు పెట్టె లాంటిది కాదు. మా అమ్మ పట్టే పెట్టె బరువు బొగ్గులతో కలిపి ఆరు కిలోలు. దానికి వేడి తగ్గించే మర లేదు, పెంచే మర లేదు. పెట్టె అడుగున నాలుగు నీటి చుక్కలు చల్లి, అవి చుయ్‌మన్న తీరును బట్టి నూలుకా, పాలిస్టర్‌కా అని తేల్చుకోవాలి. నూలు చీరకు గంజి తడి ఎంత ఉండగా పెట్టె పెట్టాలి, పట్టుచీర మీద పల్చటి గుడ్డ ఎప్పుడు వేయాలి, పోచంపల్లి చీరను ఏ మడత మీద తిప్పాలి, ఇవన్నీ చేతికి తెలియాలి. తెల్ల చొక్కా మీద పెట్టె పెట్టేముందు బూడిద ఊదకపోతే, ఒక్క నిప్పురవ్వ పడితే, ఆ రోజు కూలి పోయినట్టే. చొక్కా ఖరీదు కట్టాలి, మాటలు పడాలి.

ఒక ఆదివారం నేను అమ్మ పక్కన కూర్చొని లెక్కపెట్టాను. ఒక చొక్కాకు పెట్టె సుమారు 14 సార్లు లేచి దిగుతున్నది. ఆ రోజు ఆమె చేసినవి 90 బట్టలు. 90 బట్టలు, ఒక్కోదానికి 14 సార్లు, ఆరేసి కిలోలు. గుణించి చూస్తే ఏడున్నర టన్నులు. లారీ లోడు! అమ్మకు చెప్తే నవ్వింది. "అందుకేనా బిడ్డా రెట్ట గుంజుతది" అన్నది.

ఇంకో విద్య కూడా ఉండేది. వెనకటి రోజుల్లో నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో బట్ట మూలన గుర్తు పెట్టేవాళ్లు. ఆ రసం తగిలితే చర్మం పొక్కుతుంది, బట్ట మీద మాత్రం ఎన్ని ఉతుకులకూ చెరగదు. ఈ ఇంటికి రెండు చుక్కలు, ఆ ఇంటికి గీత మీద చుక్క. చదువు రాని ఆడవాళ్లు ఆ గుర్తులన్నీ మనసులో పెట్టుకొని ఏ బట్ట ఏ ఇంటికి చేరాలో తప్పకుండా చేర్చేవాళ్లు. అచ్చులో లేదు కనుక దాన్ని మనం లిపి అనుకోం, అంతే.

ఇంత పని చేసే మనిషిని లెక్కల్లో ఏమని రాస్తారు? ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే.

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. ఆ తర్వాత మా వీధిలో బండ్లు రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు. మధ్యాహ్నం పూట. నాన్న బట్టలు ఇచ్చి రావడానికి పోయాడు. అమ్మ పెట్టె పట్టుకొని ఉంది. నేను పక్కనే ఉన్నాను.

"బండి ఎవరిదమ్మా?"

"మా ఆయనది సారూ."

"ఆయన లేడా?"

"బట్టలియ్య పోయిండు. ఇప్పుడొస్తడు."

"మరి నువ్వేం చేస్తావు?"

"నేనేం చేస్త సారూ, ఇంట్లనే ఉంట."

చేతిలో పెట్టె ఉంది. పొగ లేస్తున్నది. నుదుటి మీద చెమట కారుతున్నది. ఆమె ఇంట్లనే ఉంట అన్నది, ఆయన ఇంట్లోనే ఉంటుంది అని రాసుకున్నాడు. ఇద్దరికీ అందులో వింత కనబడలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకూ కనబడలేదు.

ఎందుకు కనబడలేదంటే, నేనూ అదే పని చేశాను. పదో తరగతిలో స్కాలర్‌షిప్ దరఖాస్తులో తండ్రి వృత్తి 'ఇస్త్రీ' అని, తల్లి వృత్తి 'గృహిణి' అని నా చేత్తోనే రాశాను. అమ్మ ఇస్త్రీ చేసిన యూనిఫారం తొడుక్కొని రాశాను. తర్వాత ఇదే క్యాంపస్‌లో ఎం.ఏ. చదివి, అసంఘటిత రంగంలో స్త్రీల శ్రమ అనే ప్రశ్నకు ఆరు పేజీల జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ ఆరు పేజీల్లో మా అమ్మ లేదు.

మన దేశపు శ్రామిక సర్వేలలో ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా సాయపడే వాళ్లకు 'సహాయకులు' అనే గడి ఒకటి ఉంది. ఇంటి పనులు మాత్రమే చేసేవాళ్లకు ఇంకో గడి ఉంది. రెండో గడిలో పడ్డవాళ్లు పని చేసేవాళ్ల లెక్కలోకే రారు. ఎవరు ఏ గడిలో పడతారనేది అడిగేవాడి ప్రశ్నను బట్టి, చెప్పేవాళ్ల బిడియాన్ని బట్టి తేలిపోతుంది. మా అమ్మ ఒక్క మాటతో రెండో గడిలోకి పోయింది. సరే, మొదటి గడిలో పడి ఉంటే మాత్రం ఏమి? 'సహాయకురాలు'! ఎవరికి ఎవరు సహాయం? పొద్దున ఆరు గంటలకు బొగ్గులు రాజేసేది ఆమె. నాన్న మూటలు తెచ్చేవాడు, ఇచ్చేవాడు, డబ్బులు తీసుకునేవాడు. పెట్టె పట్టింది ఇద్దరూ. డబ్బు చేతికి వచ్చే చోట ఎవరు నిలబడితే పని వాళ్లది అయిపోతుంది.

2019లో నాన్న పోయాడు. పెద్దకర్మ అయిన మూడో రోజు మా చిన్నాయన వచ్చి కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడని చెప్పడానికి ఇది చెప్పడం లేదు. పల్లెలో మా కులంలో ఇండ్లను పంచుకుంటారు. భూమి పంచుకున్నట్టే. ఈ పది ఇండ్లు పెద్దోడివి, ఆ పది చిన్నోడివి. పట్నం వచ్చాక ఇండ్ల బదులు అపార్ట్‌మెంట్లు వచ్చాయి. పంపకం మాత్రం మారలేదు, మగవాళ్ల మధ్యనే. మాకు ఆరు అపార్ట్‌మెంట్లు ఉండేవి.

"వదినా, అన్న లేడు. నీకింత బువ్వ పెట్టనా నేను? బండి నేను జూసుకుంట. నువ్వు ఇంట్ల కూసో" అన్నాడు.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేనెప్పుడు ఇంట్ల కూసున్న?" అన్నది.

నాకు అప్పుడు ఆ సర్వే రోజు గుర్తొచ్చింది. ఒకే మనిషి నోట రెండు మాటలు. సర్కారు మనిషి అడిగితే ఇంట్లనే ఉంట అన్నది. బతుకు పోయే వేళ నేనెప్పుడు ఇంట్ల కూసున్న అన్నది. రెండోదే నిజం. కాగితంలో ఉన్నది మొదటిది.

అప్పుడు నేను, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని, మొదటిసారి ఆ చట్టం తెరిచి చదివాను. సిగ్గుపడే చెప్తున్నాను. ఇక్కడున్న ఇస్త్రీ అక్కలు ఈ నాలుగు సంగతులు కాస్త చెవిన పెట్టండి. వీధిలో సరుకు అమ్మేవాళ్లే కాదు, జనానికి సేవ చేసేవాళ్లు కూడా ఆ చట్టం ప్రకారం వీధి వ్యాపారులే. కనుక ఇస్త్రీ బండి అందులోకి వస్తుంది. రోడ్డు, కాలిబాటే కాదు, ప్రైవేటు స్థలం కూడా అందులో ఉంది, కాబట్టి అపార్ట్‌మెంట్ గోడ లోపల బల్ల వేసుకున్నవాళ్లు కూడా మాకేం వర్తించదు అనుకోవద్దు. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను లేపకూడదు. తర్వాతైనా లేపాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. బండి జప్తు చేస్తే, పాడైపోయే సరుకు కాదు కనుక, మీరు అడిగిన రెండు పనిదినాలలో తిరిగి ఇవ్వాలి. సర్టిఫికెట్ ఉన్న మనిషి చనిపోయినా, మంచాన పడ్డా, దాని గడువు తీరేదాకా భార్యో, భర్తో, ఆధారపడిన బిడ్డో ఆ చోట పని చేసుకోవచ్చు. వెండింగ్ కమిటీలో వీధి వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. రైల్వే స్థలానికి ఈ చట్టం వర్తించదు. తార్నాకలో రోడ్డుకు ఈ పక్క ఉన్న బండికి ఒక న్యాయం, రైల్వే క్వార్టర్ల లోపల ఉన్న బల్లకు ఇంకో న్యాయం. బట్టలు అవే, బొగ్గులు అవే. చట్టం చేసినవాళ్లకు ఇది ఎందుకు తోచిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

భార్యగా అమ్మకు ఆ చోటు నిలిచింది. ఆరు అపార్ట్‌మెంట్లలో రెండు చిన్నాయనకు పోయాయి, నాలుగు అమ్మకు మిగిలాయి. ఆమెకు దక్కింది భార్య అయినందుకు, పెట్టె పట్టినందుకు కాదు. గడువు దాకా దక్కింది, ఆ తర్వాత మళ్లీ సర్వే, మళ్లీ గడి. రేపు ఒక కోడలుంటుంది, పెండ్లి కాని కూతురుంటుంది, మొగుడు వదిలేసిన అక్క ఉంటుంది. వాళ్లూ పొద్దంతా పెట్టె పడతారు. వాళ్ల సంగతి?

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. హాస్టళ్లు ఖాళీ, ఆఫీసులు ఇండ్లలోనే. ఇంట్లో కూర్చొని పని చేసేవాళ్లకు ఇస్త్రీ చొక్కా ఎందుకు? బడులు మూసేస్తే యూనిఫారం ఎవరికి కావాలి? అందరికంటే ముందు ఆగిపోయి, అందరికంటే ఆలస్యంగా మళ్లీ మొదలైన పనుల్లో ఇది ఒకటి. ఆ జూన్‌లో వీధి వ్యాపారులకు 10,000 రూపాయల అప్పు పథకం వచ్చింది. బట్టలుతికి ఇస్త్రీ చేసేవాళ్లు కూడా అందులో ఉన్నారు. అక్కడ కూడా మొదట అడిగేది సర్వేలో పేరుందా అనే.

2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో లాండ్రీలకు, దోబీఘాట్లకు, క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ఇచ్చారు. మంచి పనే, నేను కాదనను. కానీ కరెంటు మీటరుకు వస్తుంది. మీటరు దుకాణానికి ఉంటుంది. దుకాణం గలవాడికి ఆ మేలు అందింది. చెట్టు కింద బొగ్గుల పెట్టె పట్టుకున్న ఆమెకు చెట్టు మీద మీటరు బిగిస్తారా? బండ్ల మీద నిలబడేవాళ్లలో ఆడవాళ్లు ఎంతమంది, షట్టరున్న లాండ్రీ యజమానుల్లో ఎంతమంది? తార్నాక నుంచి హబ్సిగూడ దాకా ఒకసారి నడిచి చూడండి.

ఆ బొగ్గుల మాట కూడా చెప్పాలి. బొగ్గు సగం కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. సాయంత్రానికి తలనొప్పి, తల తిరుగుడు. ఎండ దెబ్బ అనుకొని మజ్జిగ తాగి పడుకుంటారు. తమిళనాడులో తిరువణ్ణామలై బడి పిల్ల, వినీషా ఉమాశంకర్, తన వీధిలో ఈ బొగ్గులు చూసి సౌరశక్తితో నడిచే ఇస్త్రీ బండికి రూపకల్పన చేసింది. 2021లో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ వాతావరణ సదస్సులో మాట్లాడింది. గ్యాసు పెట్టెలు కూడా ఇప్పుడు వస్తున్నాయి. మంచిదే. అయితే అప్పు ఎవరి పేరు మీద ఇస్తారో, బండి వాళ్లదే అవుతుంది.

పొగ కంటే ముందు మా అమ్మ అడిగేది ఇంకొకటి. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా నిలబడే మనిషికి మరుగుదొడ్డి ఎక్కడ? మగవాళ్లు గోడ చూసుకుంటారు. ఆమె నీళ్లు తాగడం మానేస్తుంది, నిప్పుల పక్కన, మే నెలలో. ఆమె ఇస్త్రీ చేసిన బట్టలు పడకగది దాకా పోతాయి. ఆమెను మాత్రం కింద వాచ్‌మన్ గది పక్కనున్న దొడ్డికి కూడా పోనివ్వరు. ఒక అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ, "లిఫ్టులో మూటలు తేవద్దు" అని కాగితం అంటించింది. అది కులమా, శుభ్రతా అని నన్ను అడగవద్దు, కాగితం చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఫ్యాక్టరీల సంగతి ఒక్క మాటలో చెప్తాను. మన దేశంలో చాలా బట్టల ఫ్యాక్టరీలలో కుట్టు మిషన్ల దగ్గర, దారాలు కత్తిరించే బల్లల దగ్గర ఆడవాళ్లు కనబడతారు. స్టీమ్ ప్రెస్ దగ్గర ఎక్కువగా మగవాళ్లే. ఎందుకంటే అది బరువు పని, వేడి పని, ఆడవాళ్లకు చేతకాదట. ఏడున్నర టన్నుల మాట వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

ఈ పని చేసిన ఆడవాళ్లు అడగక ఊరుకున్నారనుకోవద్దు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో 1864లో చొక్కా కాలర్లు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసే దాదాపు 300 మంది స్త్రీలు కేట్ ములానీ నాయకత్వంలో సంఘం కట్టి సమ్మె చేశారు. వారం తిరగకముందే కూలి పెరిగింది. నాకు దానికంటే 1881 నాటి అట్లాంటా సమ్మె దగ్గరగా అనిపిస్తుంది. బానిసత్వం పోయి ఇంకా ఇరవై ఏండ్లు కూడా కాలేదు. ఇండ్లకు బట్టలుతికే నల్లజాతి స్త్రీలు 20 మందితో మొదలుపెట్టి కొన్ని వారాల్లోనే 3,000 మంది అయ్యారు. నగర కౌన్సిల్ వాళ్లను అణచాలని ఏడాదికి 25 డాలర్ల లైసెన్సు ఫీజు పెడతామన్నది. వాళ్లేమన్నారో తెలుసా? కడతాం, అయితే ఈ పని మీద అధికారం మాదే కావాలి అన్నారు. కౌన్సిల్ ఆ ఫీజు మాట వదులుకుంది. లైసెన్సు అంటే భయపడే కాగితం కాదనీ, తమ పేరు రాయించుకునే కాగితమనీ వాళ్లకు అప్పుడే తెలిసింది.

మనకు ఐలమ్మ ఉంది కదా అంటారు. ఉంది. పాలకుర్తి ఐలమ్మ. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మీద ఆమె కొట్లాడింది తాను సాగు చేసిన పొలం, తాను పండించిన పంట తనదే అని. వెట్టి చేయాల్సిన కులంలో పుట్టిన ఆడమనిషి ఇది నాది అనడమే ఆ రోజుల్లో నేరం. ఆమె 1985లో కన్నుమూసింది. 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. నేను ఆ గేటు ముందు నిలబడి ఆ పేరు రెండుసార్లు చదువుకున్నాను, సంతోషపడ్డాను కూడా. ఆ రోజు సాయంత్రం అమ్మతో చెప్పాను. "గేటు మీద రాసిండ్రా? మంచిగయింది. మరి నా కారటు మీద ఎప్పుడు రాస్తరట?" అన్నది.

కనుక మనం అడగాల్సింది ఇదీ. సర్వేకు వచ్చినవాళ్లు "బండి ఎవరిది?" అని అడగకూడదు. "ఇక్కడ పెట్టె పట్టేది ఎవరెవరు?" అని అడగాలి. ఇద్దరు పడితే ఇద్దరి పేర్లు రాయాలి, ముగ్గురు పడితే ముగ్గురివీ. భర్త బతికి ఉండగానే రాయాలి. అప్పు, గ్యాసు పెట్టె, సౌర బండి ఏదొచ్చినా ఆ పేర్ల మీదనే రావాలి. క్యాంపస్ పిల్లలు హాస్టల్ దగ్గర, మీ వీధిలో బట్టలిచ్చే చోట ఆమె పేరు అడిగి తెలుసుకోండి. 'ఇస్త్రీ ఆమె' అనేది పేరు కాదు.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు మా వేపచెట్టు కింద కూర్చొని దరఖాస్తులు రాద్దాం. రాయడం వచ్చిన పిల్లలు పెన్నులు తెచ్చుకోండి. అక్కలు ఆధార్ కార్డు నకలు, రెండు ఫోటోలు తెండి. బండి దగ్గర పెట్టె పట్టుకొని నిలబడ్డ ఫోటో కూడా ఒకటి తీయించుకోండి, ఆ పిల్లల ఫోన్లతోనే తీస్తారు. మా అమ్మ ఇప్పుడే వెనక నుంచి లేచి పోయింది, మీరు చూసే ఉంటారు. సభ మధ్యలో పోయిందని ఏమీ అనుకోవద్దు. నాలుగో అంతస్తు వాళ్లకు ఆరింటికల్లా పట్టుచీర ఇవ్వాలట, పెండ్లికి పోతున్నారట.